లేకున్నా నడుస్తది

"తిట్టు గాదు బిడ్డా, అది ట్యాగు. తిట్టుకూ ట్యాగుకూ ఫరక్ ఉండదా? మా బావను తిట్టాలనుకుంటే నాకు నోరు లేదా, కంప్యూటర్ల ఎందుకు తిడ్త?"

గిడియోన్ ఈ మాట అనేటప్పటికి రజని ఇంకా స్టూడియో గడప దాటలేదు, ఒక కాలి చెప్పు గూడ విడువలేదు. ఆయన తీరే అంత. ముచ్చటను సగం దాంక మనసుల చెప్పుకుంటడు, మిగిలిన సగం ఎదురుంగ ఉన్నోళ్లకు చెప్తడు, మొదటి సగం మీకు తెల్వదా అని మల్ల మనల్నే అడుగుతడు. రజనికి అలవాటయింది. చెప్పులు విడిచి, స్టూలు గుంజుకొని కూసున్నది. రెండో సగం అయిపోయినంక మొదటి సగం దానంతటదే వస్తదని ఆమెకు ఎర్కే.

మెదక్‌ల పెద్ద చర్చి గేటుకు జర ఇవతల, జిరాక్స్ షాపుకూ టైలరు షాపుకూ నడుమ ఇరుక్కొని ఉంటది గిడియోన్ స్టూడియో. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయినయి గాని, బోర్డు చదివి వచ్చే గిరాకీ ఆయనకు ఎన్నడూ లేదు. ఊర్ల సగం పెండ్లిళ్లు ఆయన కెమెరల నుంచి పోయినయే. రజనిది బస్టాండు దిక్కు చిన్న కంప్యూటర్ సెంటర్. దరఖాస్తులు నింపుడు, హాల్ టికెట్లు తీసిచ్చుడు ఆమె పని. సైట్లు చేసుడు ఆమెకెవరూ నేర్పలేదు. ఫోన్ల వీడియోలు చూసి, చేసి, చెడగొట్టి, మల్ల చేసి నేర్చుకున్నది. గిడియోన్ ఫోటోల సైటు ఆమె చేసిందే. అందుకే పొద్దున్నే ఆయన ఫోన్ చేసి "జర వచ్చిపో" అంటే, సెంటర్ చెల్లెకు అప్పజెప్పి ఉరికొచ్చింది.

"ఏ ట్యాగు అంకుల్?"

"ఏ ట్యాగా? నువ్వే గదా తెలుగుల రాసి, ఊరందరికి కనవడేటట్టు పెట్టినవ్. 'లేకున్నా నడుస్తది.' అది మా బావ పేరు పక్కన ఉన్నది. ఒక్క ఫోటోల గాదు. ఏ ఫోటో తెరిచినా అట్లనే ఉన్నది."

ఆ బావ జకరయ్య. గిడియోన్ అక్క జ్ఞానమ్మ పెనిమిటి. ఆర్టీసీల కండక్టర్‌గ చేసి రిటైరయిండు. ఆయన లేకుంటే పెండ్లి లేదు, పండుగ లేదు, చర్చిల కానుక పళ్లెం గూడ సక్కగ తిరుగదని ఆయన నమ్మకం. అసుంటి మనిషి పేరు పక్కన ఆ ముక్క కనవడ్డది. అది కనవడ్డ వేళ గూడ ఎట్లాంటిది? గిడియోన్ బిడ్డ నిస్సి పెండ్లి నెత్తిమీద ఉన్నది. కార్డులు పంచుతున్నరు. జకరయ్య కార్డు ముట్టనన్నడు.

జకరయ్య రాకుంటే జ్ఞానమ్మ రాదు. జ్ఞానమ్మ రాకుంటే నిస్సిని పసుపు పీట మీద ఎవరు కూసోబెట్టాలె? వాళ్లింట్ల మేనత్త మొదటి పసుపు పెట్టందే పెండ్లిపిల్ల పీట ఎక్కదు. గిడియోన్ తల్లి పెండ్లికీ అట్లనే జరిగిందట, ఆమె తల్లి పెండ్లికీ అట్లనేనట. "చర్చిల పాస్టరుగారు చేసేది ఒక పెండ్లి, మా ఇంట్ల అక్క చేసేది ఒక పెండ్లి," అన్నడు గిడియోన్. "రెండిట్ల ఒకటి లేకున్నా నడుస్తది అని జర నువ్వు మా ఇంట్ల అని చూడు."

అని, తను ఏమన్నడో తనకే వినవడి, నోరు మూసుకున్నడు.

ఇంగ మొదటి సగం మొదలయింది.

గిడియోన్ పిల్లగానిగ ఉన్నప్పుడు ఆయన మేనమామ దగ్గర చీకటి గదిల ఫోటోలు కడుగుడు నేర్చుకున్నడు. తర్వాత సొంత కెమెరా వచ్చింది, వీడియో క్యాసెట్లు వచ్చినయి, సీడీలు వచ్చినయి, ఆఖరికి హార్డ్ డిస్కులు వచ్చినయి. ఫోటో తీసుడు ఎన్నడూ కష్టం గాలేదు. తీసిన ఫోటోను మల్ల దేవులాడుడే కష్టం. ఫోల్డర్లకు పేర్లు పెట్టిండు. 'పెండ్లి', 'పెండ్లి కొత్తది', 'పెండ్లి కొత్తది అసలుది', 'ఇదే అసలుది'. ఎలిశిబా ఆంటీ, అంటే గిడియోన్ భార్య, అప్పట్ల ఆ పేర్లు చూసి, మన పిల్లకు గూడ ఇట్లనే పేరు పెట్టేటోళ్లేమో మీరు, నేనుంటిగాబట్టి నిస్సి అయింది అన్నదట.

దేవులాడే పని ఎందుకు పడ్డదంటే, మనిషి పోయినప్పుడు. ఊర్ల ఎవరన్న పోతే ఫ్లెక్సీ కొట్టియ్యాలె. ఇంట్ల చూస్తే ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకోటి ఉండదు. ఆ ఫోటోల మనిషి బతికుండంగనే పోయినట్టు ఉంటడు. అప్పుడు కొడుకులు గిడియోన్ దగ్గరికి ఉరికొస్తరు. మా నాయిన ఎవరి పెండ్లిలనన్న పడ్డడేమో చూడు గిడియోనూ, జర నవ్వుకుంట పడ్డడేమో చూడు, అంటరు. ఎవరి పెండ్లి అంటే చెప్పలేరు. ఏ ఏడు అంటే చెప్పలేరు. ఒకాయన వచ్చి, మా అవ్వ నీలం చీర కట్టుకున్నది, చేతుల లడ్డు ఉండె, అంతే గుర్తున్నది అన్నడు. గిడియోన్ పొద్దుగూకే దాంక కూసొని ఆ లడ్డును పట్టుకున్నడు.

అట్ల దేవులాడి దేవులాడి, ఫోటోకు చిన్న చిన్న పేర్లు అతికించే ట్యాగుల సంగతి కనిపెట్టిండు. కనిపెట్టిండంటే, లోకంల ముందే ఉన్నది, ఆయనకు అప్పుడు దొరికింది. దాన్ని ఆయన రజనికి చెప్పిన తీరు ఆమెకు ఏ వీడియోల దొరకలేదు.

"ఫోల్డరంటే అత్తగారిల్లు బిడ్డా. ఒక పిల్లను ఒక్క ఇంటికే ఇస్తరు. ఇంక ఆమె అక్కడ్నే. ట్యాగంటే చుట్టరికం. ఒక్కడే మనిషి ఒకరికి అల్లుడు, ఒకరికి బావ, ఇంకొకరికి మేనమామ. ఎటు దిక్కు నుంచి పిలిచినా వాడే వస్తడు."

ఇంగ పేర్లు. వేలల్ల ఉన్న మొఖాలకు పేర్లు ఎవరు చెప్పాలె? జకరయ్య చెప్పిండు. రిటైరయినంక పగటిపూట ఆయనకు తోచక, స్టూడియోకు వచ్చి గిడియోన్ పక్కన కూసుంటుండె. అద్దాలు ముక్కు కొసకు దించి కంప్యూటర్ దిక్కు చూస్తుండె. బతుకంత బస్సుల తిరిగిన మనిషికి మెదక్ జిల్లాల ఎరుగని మొఖం లేదు. కాని పేర్లతోని గాదు, దిగే బస్సు స్టేజీతోని ఎరుగును. "ఈయన కౌడిపల్లి దిగుతడు. ఈమె అల్లాదుర్గ్. కోడిని సంచిల దాచి ఎక్కుతది, సంచి కూస్తుంటే తనే దగ్గుతది. వీడు ఎక్కడా దిగడు, ఫుట్‌బోర్డు మీదనే పుట్టిండు." గిడియోన్ అట్లనే కొట్టుకుంట పోయిండు. అందుకే ఆ ఫోటోలల్ల సగం మందికి పేర్లు లేవు, 'కౌడిపల్లి దిగుతడు' అని ఉన్నది. బామ్మర్ది టైపు కొట్టుడు, బావ చెప్పుడు, నడుమ ఎలిశిబా చాయ్ పంపుడు. ఎన్నో పగళ్లు అట్లనే గడిచినయి.

ఇంత పనిచేసినోని పేరు పక్కన ఆ ముక్క ఎట్ల వచ్చింది?

ఆల్బంతోని వచ్చింది. పెండ్లి ఫోటోలు వేలల్ల తీస్తరు, ఆల్బంల పట్టేవి కొన్నే. ఏది పెట్టాలె, ఏది తీసెయ్యాలె అనేది ఫోటో అందంతోని తేలదు. మేనమామ కండ్లు మూసుకున్నా సరే ఉండాలె, లేకుంటే కొట్లాటయితది. పెండ్లికొడుకు సోపతిగాళ్లు స్టేజీ ఎక్కి దిగరు, వాళ్లు నలభై ఫోటోలల్ల ఉంటరు, ఒక్కటి చాలు. ఈ సంగతులు హైదరాబాద్‌ల ఆల్బం కూర్చే పిల్లగానికి ఏమెరుక? అందుకని గిడియోన్ ప్రతి ఫోటోకు రెండక్షరాల గుర్తు పెట్టిండు. ఏ.ఎల్. అంటే అలుగుతడు, తప్పకుంట పెట్టు. ఎస్.డి. అంటే స్టేజీ దిగరు. పి.సి. అంటే ప్రిస్కిల్లా చీర. అది టీచర్ ప్రిస్కిల్లాగారి ఆకుపచ్చ పట్టుచీర. అడిగినోళ్లకల్ల ఇస్తది గనుక ముగ్గురు నలుగురు ఆడోళ్ల మీద కనవడ్తది. ఒకే ఆల్బంల రెండుసార్లు పడకుంట చూసుకొమ్మని ఆ గుర్తు. ఎల్.ఎన్. అంటే లేకున్నా నడుస్తది.

ఒకనాడు జకరయ్య ఆ ఎల్.ఎన్. చూసి, నా ఫోటోలకల్ల ఇది ఉన్నది, ఏంది బామ్మర్దీ అని అడిగిండు.

గిడియోన్ ఏమాత్రం ఆగకుంట "లైట్ నార్మల్" అన్నడు.

జకరయ్య మస్తు ఖుషీ అయిండు. ఆ మాట ఊరంత చెప్పుకున్నడు. అందరి మొఖాలకు లైటు ఎక్కువ పెట్టాల్సి వస్తదట, నాకు నార్మల్ చాలునట, మా బామ్మర్ది మిషిన్‌ల రాసిపెట్టుకున్నడు, అని.

ఇక్కడిదాంక తప్పు గిడియోన్‌ది. ఇక్కడి నుంచి రజనిది. ఆమె కాదనదు. సైటు తయారుచేస్తున్నప్పుడు ట్యాగులన్నీ అందులకు దింపుకున్నది. ఎవరి ఫోటోలు వాళ్లు ఇంట్ల కూసొని, ఫోన్ నంబరు కొట్టి, ట్యాగు వత్తి చూసుకోవాలె, అది పని. ఊర్ల పేర్లు బాగనే ఉన్నయి, మనుషుల పేర్లు బాగనే ఉన్నయి. ఈ రెండక్షరాలు ఎవరికి సమజయితయి? చూసేటోళ్లకు అర్థమయ్యే మాటల్ల పెట్టాలె గదా అని గిడియోన్‌కు ఫోన్ చేసింది. ఆయన అల్లాదుర్గ్‌ల ఒక పెండ్లిల ఉండె. వెనుక బ్యాండు మోగుతున్నది. ఒక చెవికి ఫోన్, ఒక కన్ను కెమెరాల. ఆమె ఒక్కొక్కటి అడిగింది. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పిండు.

"అబద్ధం చెప్పాలంటే రెండు కండ్లూ ఖాళీగ ఉండాలె బిడ్డా," అన్నడు ఇప్పుడు. "ఆనాడు నాకు ఒకటే ఉండె."

రజని ఒక్కొక్కటి శుద్ధంగ తెలుగుల రాసి, గుండ్రటి బటన్లు చేసి, రంగులు వేసి పెట్టింది. 'అలుగుతడు'కు గులాబి రంగు గూడ ఆమే ఏరింది.

సైటు తెరిచింది ఆదివారం. ఆరాధన అయినంక చర్చి ముందు చెట్ల కింద అందరూ ఫోన్లు తీసిండ్రు. మొదట అవ్వల ఫోటోలు, తాతల ఫోటోలు, చూసుకొని కండ్లు తుడుచుకున్నోళ్లున్నరు. తర్వాత ఎవరో 'అలుగుతడు' వత్తిండ్రు. ఇంక ఆగుడు లేదు. అలిగేటోళ్లు ఎవరో ఊరంతకు ముందే తెలుసు. కాని అందరూ వరుసగ, గులాబి రంగుల, ఒక్క దగ్గర కనవడుడు అదే మొదటిసారి. వాళ్లల్ల కొందరు అప్పటికప్పుడే అలిగి, ఆ ట్యాగు ఒప్పే అని రుజువు చేసిండ్రు. ప్రిస్కిల్లా టీచర్ అయితే కోపానికి రాలేదు. తన చీర ట్యాగు వత్తి, ఒక్కొక్క ఫోటో చూసుకుంట ఆఖరి ఫోటో కాడికి వచ్చి, చీర ఎవరి మీద ఉన్నదో చూసి, చల్లగ ఆ ఇంటికి పోయి తెచ్చుకున్నది. ఆ చీర పోయిందని ఆమె ఎన్నడో ఆశ వదులుకున్నదట.

జకరయ్య తన పేరు వత్తిండు.

అరిచినా బాగుండు అంటడు గిడియోన్. జకరయ్య ఫోన్ అంగీ జేబుల పెట్టుకొని, గుండీ పెట్టుకొని ఇంటికి నడిచిపోయిండు. ప్రతి ఆదివారం బామ్మర్ది ఇంట్ల తినే అలవాటు. ఆనాడు ఆయన పళ్లెం అట్లనే బోర్లించి ఉండె. మర్నాడు స్టూడియోకు రాలేదు. ఆ మర్నాడు గూడ రాలేదు.

పెండ్లి కార్డు, కొత్త బట్టలు పట్టుకొని గిడియోన్, ఎలిశిబా ఆయన ఇంటికి పోయిండ్రు. జకరయ్య మర్యాదకు ఏమీ తక్కువ చెయ్యలేదు. కుర్చీలేసిండు, చాయ్ ఇప్పించిండు, నిస్సి బాగున్నదా అని అడిగిండు. కార్డు చేతికియ్యబోతే మాత్రం చేతులు రెండూ వెనుకకు కట్టుకున్నడు.

"లేకున్నా నడిచేటోన్ని నేనెందుకు బామ్మర్దీ? నడిపించుకోండ్రి."

జ్ఞానమ్మ వంటింటి దర్వాజల నిలబడి తమ్మున్నే చూసింది. పసుపు కొమ్ములు దంచి డబ్బాల పోసి పెట్టింది అప్పటికే. డబ్బా అలమార మీద కనవడుతుండె. గిడియోన్‌కు ఆ డబ్బానే గుర్తుకొస్తున్నది. చెప్పుకుంట చెప్పుకుంట అక్కడికి వచ్చి ఆగి, కెమెరా లెన్స్ తీసి, శుభ్రంగ ఉన్నదాన్నే మల్ల తుడిచిండు.

రజని స్టూలు ముందుకు జరుపుకున్నది. "అంకుల్, గిప్పుడే తీసేస్త. ఒక్క నిమిషం పని."

"తీసేస్తవ్, మంచిదే. బావ రోజూ పొద్దున లేవంగనే అది ఉన్నదా లేదా చూస్తున్నడట. అక్క చెప్పింది. ఉంటే, ఇంకా ఉంచిండు చూసినవా అంటడు. తీసేస్తే, నన్ను మొత్తానికే తీసేసిండు చూసినవా అంటడు. ఇప్పుడు చెప్పు."

వీడియోలల్ల దీనికి జవాబు లేదు.

అంతల ఎలిశిబా ఆంటీ చాయ్ తీసుకొని ఇంటి దిక్కు నుంచి వచ్చింది. స్టూడియో వెనుకనే ఇల్లు. ఆమె సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్తది గనుక, మొగుణ్ని గూడ ఆ పిల్లలల్ల ఒకనిగనే చూస్తది. మాట్లాడింది మొత్తం విన్నట్టే ఉన్నది. గోడ సన్నది.

"రజనీ, నేనొకటి అడుగుత. తొక్కు పెట్టి జాడీ మీద ఏం రాస్తరు? మామిడికాయ అని రాస్తరు, ఏ ఎండాకాలం పెట్టిందో రాస్తరు. ఉప్పెక్కువయింది అని ఎవరన్న రాస్తరా? అది పెట్టినోళ్లు మనసుల ఉంచుకోవాలె, తిన్నోళ్లు చెప్పాలె. మీ అంకుల్ జాడీ మీదనే రాసిండు."

"నేను నాకోసం రాసుకున్న," అన్నడు గిడియోన్.

"మీకోసం రాసుకున్నదాన్ని దర్వాజకు తోరణం కట్టిండ్రు ఇద్దరు కలిసి," అని చాయ్ చేతిల పెట్టింది.

రజని సిగ్గుపడ్డది. కాని ఆ జాడీ మాట ఆమెకు నచ్చింది. దేవులాడేటోళ్లకు అక్కరకొచ్చే ట్యాగులు వేరు, పనిచేసుకునేటోళ్లకు అక్కరకొచ్చేవి వేరు. రెండూ ఒక్క పళ్లెంల వడ్డించింది తనే. ఫోన్ తీసి సైటు లోపలికి పోయింది. 'అలుగుతడు' దాచింది, 'స్టేజీ దిగరు' దాచింది. ఊర్లూ పేర్లూ ఉంచింది. ప్రిస్కిల్లా టీచర్ ఫోన్ చేసి ఉంచుమన్నది గనుక చీరను ఉంచింది. 'లేకున్నా నడుస్తది' కాడికి వచ్చి వేలు ఆపింది. దాని కింద ఇంకో గుర్తు కనవడ్డది. సి.హెచ్. దాన్ని ఆమె తెలుగు చెయ్యలేదు. ఆనాడు ఫోన్‌ల అడిగితే ఆయన "చెయ్యి" అన్నడు. ఎవరి చెయ్యి అంటే బ్యాండు మోతల వినవడలేదు, తర్వాత చెప్త అన్నడు. తర్వాత ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అందుకని సైటుల పెట్టకుంట పక్కకుంచింది.

"అంకుల్, సి.హెచ్. ఏంది?"

గిడియోన్ చాయ్ తాగుడు ఆపిండు. "అదా. అది ఏం గాదు. నా పని గుర్తు."

"అన్నీ మీ పని గుర్తులే గదా," అన్నది ఎలిశిబా. "తియ్యి రజనీ."

రజని స్టూడియో కంప్యూటర్ ముందుకు జరిగి, ఆ గుర్తు వత్తింది. ఫోటోలు వచ్చినయి. మస్తు వచ్చినయి. అన్నీ గుంపు ఫోటోలే. పెండ్లివి, బాప్తిస్మాలవి, పాస్టరుగారి వీడ్కోలుది, సండే స్కూలు పిల్లలది. చాలా ఏండ్లవి. పాతవాట్ల మనుషులు సన్నగ ఉన్నరు, కొత్తవాట్ల వాళ్లే లావుగ ఉన్నరు. ఆమె ఒక్కొక్కటి చూసుకుంట పోయింది. మంచి ఫోటోలు. అందరి మొఖాలు కనవడుతున్నయి, ఎవరి నెత్తి ఎవరికీ అడ్డం లేదు, పొట్టోళ్లు ముందు, పొడుగోళ్లు వెనుక, అలిగేటోళ్లు నడుమ. మొదట ఆమెకు ఇంకేమీ కనవడలేదు. తర్వాత కనవడ్డది. ప్రతి ఫోటో ఒక అంచుకు, కుడికో ఎడమకో, ఒక చెయ్యి ఉన్నది. స్టీలు గడియారం, మడిచిన అంగీ చెయ్యి, నాలుగు వేళ్లు దగ్గరగ పెట్టి జరుగుండ్రి అన్నట్టు ఊపుతున్న చెయ్యి. మనిషి లేడు. చెయ్యే ఉన్నది.

"జకరయ్య సారేనా?"

"ఇంకెవరుంటరు?" అన్నడు గిడియోన్. "నేను కెమెరా పట్టుకున్న మొదట్ల, డ్యూటీ లేనప్పుడు నా ఎంబడి వస్తుండె. గుంపు ఫోటో అంటే ఎవరూ నా మాట వినరు బిడ్డా. కెమెరా వెనుక ఉన్నోని మాట ఎవరు వింటరు? ఆయన నిలబడి, ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి, నడుమ జాగ ఉన్నది అనంగనే అందరూ జరుగుతరు. బస్సుల అలవాటు, వాళ్లకూ ఆయనకూ. ఎవరు ఎవరితోని మాట్లాడరో ఆయనకు తెలుసు, వాళ్లను దూరం దూరం నిలబెడ్తడు. అందరినీ సర్ది తనొచ్చి నిలబడేలోపల నేను వత్తేస్త. సగం మనిషి పడ్తడు, కండ్లు మూసుకొని, నోరు తెరిచి. ఆ సగం మనిషి ఫోటోలకే ఎల్.ఎన్. అని పెట్టిన. ఇంకేం పెట్టాలె? అందంగ ఉన్నడని పెట్టాల్నా?"

"మరి సి.హెచ్.?"

"చెయ్యి పడ్డదంటే సర్దుడు అయిపోయినట్టు. ఆ ఫోటోల ఎవరూ తప్పిపోరు. ఆల్బం పిల్లగానికి అదే చెప్పిన. సి.హెచ్. ఉంటే కండ్లు మూసుకొని పెట్టు, అంచు కత్తిరిస్తే కత్తిరించు, మొఖాలు ముట్టకు. కొందరు చెయ్యి గూడ ఉంచుమన్నరు."

ఎలిశిబా ఆంటీ కుర్చీ వెనుక నిలబడి చూస్తున్నది. వాళ్ల పెండ్లి ఫోటో గూడ వచ్చింది. గిడియోన్ పెండ్లికొడుకు, కెమెరా ఆయన మేనమామ చేతుల ఉండె, కాని అంచుకు ఆ చెయ్యి ఉన్నది. ఆమె వేలు పెట్టి చూపించింది. "ఈ చెయ్యి నన్నే జరుగుమంటున్నది. ఆనాడు నేను మీకు మూరెడు దూరం నిలబడితే, చెల్లె, జర దగ్గరికి జరుగు, ఇంక దిగేది లేదు అన్నడు అన్నయ్య."

ముగ్గురూ నవ్విండ్రు.

"ఇది ఆయనకు చూపెట్టలేదా ఎన్నడూ?" అన్నది రజని.

"చూపెడితే ఇంకేమన్న ఉన్నదా? ఉన్న గొప్పకే ఊరు సాల్తలేదు. ఇది చూసిండంటే పెండ్లినాడు పాస్టరుగారిని గూడ ముందుకు జరుగుమంటడు."

"జరుగుమననియ్యుండ్రి," అన్నది ఎలిశిబా. "పెండ్లికయితే వస్తడు గదా."

రజనికి ఉషారొచ్చింది. సి.హెచ్.కు మంచి పేరు రాసి, పెద్ద బటన్ చేసి, సైటు మొదట్లనే పెడ్త అన్నది. 'బావ చెయ్యి' అని పెట్టాల్నా, 'ముందుకు జరుగుండ్రి' అని పెట్టాల్నా అని అడిగింది. రంగు గూడ ఏరబోయింది. ఎలిశిబా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఆగు బిడ్డా. అడగకుంట పెట్టే గదా ఇంత దూరం వచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో వాళ్లను అడుగుదాం, ఏం పేరు పెట్టాల్నో, ఆ 'లేకున్నా నడుస్తది' ఏం చెయ్యాల్నో."

గిడియోన్ ఆ పెండ్లి ఫోటోనే ఇంకోసారి చూసిండు. తర్వాత లేచి, అలమారల నుంచి కార్డు తీసిండు. పసుపు రాసిన అంచులు. జకరయ్య పేరు, జ్ఞానమ్మ పేరు ఎలిశిబా చేతిరాత. ఆనాడు పట్టుకపోయి వాపసు తెచ్చిన కార్డు అదే. దాన్ని అంగీ కొసతోని తుడిచి రజని చేతిల పెట్టిండు.

"నువ్వు పోవాలె బిడ్డా. నేను పోతే చేతులు వెనుకకు కట్టుకుంటడు, నువ్వు పోతే కట్టుకోడు. కార్డు ముందుగాల తియ్యకు. ఆ ఫోటోలు నీ ఫోన్‌ల వేసుకపో. ఒక్కొక్కటి చూపెట్టు, తొందర చెయ్యకు, ఆయన అద్దాలు దేవులాడుకునేదాంక ఆగు. ఏందిది అంటే, దీనికి పేరు పెట్టుడు మాకు రాలేదు సార్, మీరే చెప్పుండ్రి అను. ఏం చెప్తే అది రాసుకో. బాగలేకున్నా రాసుకో."

రజని తలూపి, చెప్పులు ఏసుకున్నది.

"ఇంకోటి. ఇదే అసలుది. పెండ్లినాడు కెమెరా వేరేటోళ్లు పట్టుకుంటున్నరు, సంగారెడ్డి నుంచి పిల్లలొస్తున్నరు. నేను బిడ్డ పక్కన ఫోటోల నిలబడాలె. నాకు నిలబడుడు రాదు, ఎన్నడూ నిలబడలేదు. ఆ పిల్లలకు మనోళ్లల్ల ఎవరు ఎవరో తెల్వదు. నన్ను ఎక్కడ నిలబెట్టాల్నో ఆయన వచ్చి చెప్పకుంటే నేను అడ్డంల నిలబడ్త అని చెప్పు. ఆయన చాయ్ ఇప్పిస్తడు. తాగి లేవకు. అక్క రెండోసారి తెస్తది, అప్పుడు తియ్యి కార్డు. అక్క చేతికియ్యి."

ఆమె గడప దాటి ఎండల అడుగు పెట్టినంక, గిడియోన్ మల్ల బయటికొచ్చి, జిరాక్స్ షాపోళ్లకు వినవడకుంట, జర గొంతు తగ్గించి పిలిచిండు.

"రజనీ. లైట్ నార్మల్ సంగతి అడిగితే మాత్రం, నీకు తెల్వదు. నేనే వచ్చి చెప్పుకుంటనను. ఆదివారం ఆయన పళ్లెం పెట్టి ఉంచుతమను."